గల్లాపెట్టె పక్కన: ‘మా ఇంటి మనిషి’ అన్నాక జీతం ఎంత?

ఈ నెల నా బల్ల మీదకు పదకొండు ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటిలో ఒకే మాట. ‘మా ఇంటి మనిషిలాంటివాడు’, ‘ఇంటి మనిషిలా చూసుకున్నాం’, ‘ఇంటి పిల్లవే కదమ్మా అన్నారు’. యజమానులు రాసినా, పనివాళ్ళు రాసినా ఆ మాట తప్పలేదు. నేను పంతొమ్మిదో ఏట నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక కిరాణా టోకు కొట్లో చిట్టా రాయడానికి చేరినప్పుడు మా షావుకారు కూడా మొదటి రోజు అదే అన్నారు. జీతం ఎప్పుడిస్తారో మాత్రం చెప్పలేదు. అడగడానికి నాకు మొహమాటం, చెప్పడానికి ఆయనకు తీరిక లేదు. నలభై ఆరో రోజున ఇచ్చారు. ఆ తర్వాత పదిహేడేళ్ళు బియ్యం మిల్లుల్లో, మరో పన్నెండేళ్ళు ఒంగోలులో సొంత గోతాల వ్యాపారంలో గడిపాను. ఆ మాట ఇతరుల నోట విన్నాను, నేనూ అన్నాను. ఈసారి ఆరు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. ఊళ్ళ పేర్లు ఉంచాను, మనుషుల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర బియ్యం మిల్లు. నాన్నగారు ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నారు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని ఏడాదిన్నర క్రితం వచ్చాను. హమాలీలు కాక పద్నాలుగు మంది పనిచేస్తారు. మా గుమాస్తాగారు ఇరవై నాలుగేళ్ళుగా ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. కంప్యూటర్‌లో లెక్కలు పెట్టించాను, ఆయన దాని జోలికి రారు. ఏ రైతుకు ఎంత ఇచ్చారో, తవుడు ఎవరికి ఎంతకు అమ్మారో అన్నీ జేబు పుస్తకంలోనే. అడిగితే ‘నాన్నగారికి తెలుసులే బాబూ’ అంటారు. తవుడు లెక్కలో తేడా ఉందని నా అనుమానం. మాన్పించాలని ఉంది, నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఆయన ఇంటి మనిషి అంటారు. ఏం చేయమంటారు?

జవాబు: బాబూ, ముందు తవుడు సంగతి తేల్చండి. మీ ఉత్తరమంతా కంప్యూటర్ గురించే ఉంది కానీ ముల్లు గుచ్చుకున్న చోటు తవుడు దగ్గరే.

మన నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే పచ్చి బియ్యానికి నూటికి 67 లెక్క కడతారు, అంటే పుట్టికి 569.5 కిలోలు. మిగిలిన 280 కిలోల్లో పెద్ద వాటా ఊకది, పుట్టి మొత్తంలో అది ఐదో వంతు దాకా ఉంటుంది. తవుడు నూటికి ఏడెనిమిది పాళ్ళు, పుట్టికి సుమారు 60 నుంచి 68 కిలోలు. తక్కినదంతా తాలు, మట్టి, తేమ తరుగు. ధాన్యం రకాన్ని బట్టి, పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి, పాలిష్ ఎంత పట్టారన్నదాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. పోయిన ఎడగారు (రెండో పంట) ధాన్యం ఎన్ని పుట్లు ఆడారో కొనుగోలు చీటీలు చూసి తేల్చండి, ఆ నెలల కరెంటు బిల్లులతో సరిచూడండి. దాన్ని 64తో గుణించి, అమ్మిన తవుడు పక్కన పెట్టండి. ఒక ఆదివారం పని, దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

తేడా వస్తే ముందు తూకం చూడండి, తర్వాత తేమ చూడండి, దొంగతనం ఆఖరున. నేను పనిచేసిన ఒక మిల్లులో రెండేళ్ళు ఒక హమాలీ మేస్త్రిని అనుమానించారు. నోరు తెరిచి ఎవరూ అనలేదు, కానీ చూపులు చాలు కదా. తీరా చూస్తే కాటా బల్ల కింద ఊక పేరుకుపోయి తూకం తప్పుతోంది. ఆ సంగతి తెలిసేటప్పటికి ఆయన మానేసి వెళ్ళిపోయారు. ఆయనకు కబురు పెట్టాలని మా షావుకారుకు తోచలేదు. నాకు తోచింది, ధైర్యం చాలలేదు.

లెక్క సరిపోయిందనుకుందాం. అప్పుడు మీ బాబాయ్‌గారి మీద మిగిలేది ఒక్క ఫిర్యాదే, జేబు పుస్తకం. అది మీకు చిరాకు, ఆయనకు ఆస్తి. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు, అది చెప్పడానికి మీటరు ఉంది. ఏ ఊరి రైతు పైన ఎండిన ధాన్యం, అడుగున తడి ధాన్యం పోసుకుని వస్తాడో మీటరు చెప్పదు. ఎవరికి డబ్బు పది రోజులు ఆలస్యమైనా ఫరవాలేదో, ఎవరింట్లో పెళ్ళి ఉంది కాబట్టి అదే రోజు ఇవ్వాలో కూడా చెప్పదు. అవన్నీ ఆ పుస్తకంలో సగం, ఆయన తలలో సగం ఉన్నాయి. రేపు ఆయనను పంపించేస్తే ఆ సగం తలతోపాటే వెళ్ళిపోతుంది, ఎదురు మిల్లులో కూర్చుంటుంది.

కాబట్టి ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలని చూడకండి. అరవై ఏళ్ళ మనిషి, నిన్నటిదాకా ఎత్తుకుని తిప్పిన పిల్లవాడి ముందు తడబడడానికి ఒప్పుకోడు. డిగ్రీ చదివిన ఒక అమ్మాయినో అబ్బాయినో ఆయన పక్కన కూర్చోబెట్టండి. సాయంత్రం ఆరు గంటలకు ఆయన పుస్తకం చదువుతారు, పక్కవారు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. చదివి వినిపించడం పెద్దరికం కాబట్టి దానికి ఒప్పుకుంటారు. ఆయన బల్ల మాత్రం జరపకండి. రెండు సీజన్లు ఓపిక పట్టండి. మూడో సీజను నాటికి ‘అమ్మాయీ, ఫలానా ఆయన బాకీ ఎంత చూడు’ అని ఆయనే అడుగుతారు.

ఇంకొకటి, మీరు రాయనిది. మీ మిల్లులో పనివాళ్ళు అడ్వాన్సు కావలసి వస్తే ఎవరి దగ్గరకు వెళ్తున్నారు? మీరు కాదన్న అడ్వాన్సు సాయంత్రానికి నాన్నగారు ఇస్తున్నారా? నా అనుభవంలో, కొడుకు తిరిగి వచ్చిన ప్రతి మిల్లులోనూ రెండు గల్లాపెట్టెలు తయారవుతాయి. గుమాస్తా పాత పెట్టె దగ్గరే నిలబడతాడు, అందులో ఆయన తప్పు లేదు. ఏ మొత్తం వరకు ఎవరి మాట చెల్లుతుందో మీరూ నాన్నగారూ కూర్చుని తేల్చుకుని పనివాళ్ళందరి ముందు చెప్పండి. ఇది గుమాస్తాతో తేలే తగవు కాదు.

ఇంత చెప్పినా మాన్పించాలనే ఉంటే, ఇంటి మనిషిని ఇంటికి పంపడానికి ఎంత అవుతుందో తెలుసుకుని దిగండి. పదిమంది, ఆ పైన పనిచేసే చోట ఐదేళ్ళు నిండినవారికి గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్ళను బట్టి వెళ్ళేటప్పుడు ఇచ్చే సొమ్ము, ఇవ్వాలి. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్ళు చేశారో దానితో మళ్ళీ గుణించాలి. ఆయన మూల జీతం, కరువు భత్యం కలిపి 22,000 అనుకుంటే, ఇరవై నాలుగేళ్ళకు 3,04,615 రూపాయలు. ముప్పై రోజుల్లో చెల్లించాలి. ఇప్పుడు వచ్చిన లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం రావలసిన జీతం బకాయి అయితే రెండు పనిదినాల్లోనే తేల్చాలి. ‘సంక్రాంతికి బట్టలు పెట్టాం, కూతురు పెళ్ళికి యాభై వేలు ఇచ్చాం’ అనేవి ఈ లెక్కలో తగ్గవు. నాన్నగారికి ఈ అంకె చూపించండి. మీకంటే ముందు ఆయనే ఉలిక్కిపడతారు.

ప్రశ్న: కావలిలో మాది బట్టల దుకాణం. ఇరవై ఆరుగురు పనిచేస్తున్నారు. ప్రతి సంక్రాంతికీ అందరికీ కొత్త బట్టలు, స్వీటు పెట్టె, 500 రూపాయలు ఇస్తాను. బోనస్ కూడా ఇవ్వాలని మా ఆడిటర్ అంటున్నారు. ఇవ్వాలా?

జవాబు: ఇవ్వాలి. ఇరవై మంది దాటారు కాబట్టి, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి, ఆ ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన ప్రతి ఒక్కరికీ చట్టం ప్రకారం లెక్కగట్టే ఏడాది జీతంలో 8.33 శాతానికి తగ్గకుండా ఇవ్వాలి. మీ ఆడిటర్‌కు ఒక చీర పెట్టె అదనంగా పంపండి. మీరు బట్టల దుకాణం వారు, బట్టలు పెట్టడం మీకు చవక.

ప్రశ్న: నేను ఒంగోలులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో బిల్లులు చూస్తాను. ముప్పై మందికి పైగా ఉన్నాం. జీతం 14,000. నెలనెలా పీఎఫ్ అని 1,680 పట్టుకుంటున్నారు. మొన్న ఫోనులో పాస్‌బుక్ తెరిస్తే పద్నాలుగు నెలలుగా ఒక్క రూపాయి పడలేదు. అడిగితే సార్ నవ్వి ‘ఇంటి పిల్లవే కదమ్మా, నీ డబ్బు ఎక్కడికి పోతుంది’ అన్నారు. ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందని భయం. నా భర్త ఊరుకోమంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు మీ ప్రశ్నకు అంకె కడదాం. మీ జీతంలో 12 శాతం 1,680. అంతే మొత్తం యజమాని తన జేబులోంచి వేయాలి, అందులోంచి జీతంలో 8.33 శాతం మీ పెన్షన్‌కు వెళ్తుంది. అంటే నెలకు 3,360. పద్నాలుగు నెలలకు 47,040 రూపాయలు. సార్ నవ్వు ఖరీదు అది. ఇంకో సంగతి కూడా చూసుకోండి. కొన్నిచోట్ల యజమాని వాటాను కూడా పనివారి జీతంలోంచే కోస్తారు, అది చట్టం ఒప్పుకోదు. మీ చీటీలో రెండుసార్లు కోశారేమో గమనించండి.

ఒక నెల సొమ్ము తర్వాతి నెల 15వ తేదీలోగా పడాలి. ఆలస్యమైతే యజమాని 12 శాతం వడ్డీతో కట్టాలి, ఆ పైన నష్టపరిహారం వేరు. పనివారి వాటా కోసుకుని జమ చేయకపోవడం కేవలం ఆలస్యం కిందకు రాదు, అది నమ్మకద్రోహం, క్రిమినల్ నేరం. మీ సార్‌కు ఇది తెలియదని నేను అనుకోను. సరుకు కదలక, బ్యాంకు కిస్తీ మీద పడినప్పుడు చేతిలో ఉన్న ఈ సొమ్ము వాడుకుని ఉంటారు. వచ్చే నెల వేద్దాం అనుకుంటారు, ఆ వచ్చే నెల పద్నాలుగు సార్లు వచ్చింది. దుర్మార్గం అనను. కానీ మీ దగ్గర అప్పు తీసుకున్నట్టు మీకు చెప్పలేదు కదా.

మీరు ఒక్కరే వెళ్ళకండి. ముప్పై మందిదీ ఇదే సంగతి అయి ఉంటుంది. భోజనాల వేళ నలుగురైదుగురిచేత ఫోనులో పాస్‌బుక్ తెరిపించండి. ఎవరూ ఏమీ అనక్కర్లేదు, చూస్తే చాలు. తర్వాత అందరి తరఫునా ఒక కాగితం రాయండి: ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు జమ కాలేదు, ఫలానా తేదీలోగా జమ చేయగలరు. నేరం, చట్టం అన్న మాటలు రాయకండి. ఒక నకలు మీద అందుకున్నట్టు సంతకం తీసుకోండి, ఇవ్వకపోతే అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపండి. నెల దాటినా కదలిక లేకపోతే పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయండి. జీతం చీటీలు, బ్యాంకులో జీతం పడిన వివరాలు ఇంట్లో ఒక సంచీలో దాచిపెట్టండి. ఆఫీసు బీరువాలో కాదు.

మీ భర్త ఊరుకోమన్నారని రాశారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. అయినా, ఈ ఉత్తరానికి జవాబు రాస్తుంటే నా మనసు కుదురుగా లేదు, కారణం చెబుతాను.

నా గోతాల గోదాములో పదకొండు మంది ఉండేవారు. పుస్తకాల్లో ఐదుగురే. మిగిలిన ఆరుగురికి చేతిలో డబ్బు, నోటితో మాట. అందులో ఒకడు ఎనిమిదేళ్ళు చేశాడు, అన్నా అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. అమ్మకు బాగాలేకపోతే గుంటూరు ఆసుపత్రికి నా డబ్బుతో పంపాను, అది నిజమే. కొత్తపట్నం రోడ్డులో రెండు సెంట్ల స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకుకు వెళ్తే జీతం పత్రం అడిగారు. నా దగ్గరకు వచ్చాడు. నేను ఇవ్వలేకపోయాను. ఇస్తే ఎనిమిదేళ్ళుగా నేను దాచిన మనిషి కాగితం మీదకు వస్తాడు. ‘చూద్దాంలే తమ్ముడూ’ అన్నాను. రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగలేదు. ఆ స్థలం అమ్ముకున్నాడు. ఇప్పటికీ బజారులో కనబడితే అన్నా అనే పిలుస్తాడు. నేను ఆ పక్క సందులోకి తిరిగిన రోజులున్నాయి.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పనిలో చేరిన ప్రతివారికీ నియామక పత్రం ఇవ్వాలన్నది అందులో ఉంది. మీ కాగితంలో ఆఖరు పంక్తిగా అది కూడా అడగండి.

ప్రశ్న: చీమకుర్తి దగ్గర నాకు చిన్న షెడ్డు ఉంది. గెలాక్సీ గ్రానైట్ పలకలను ఎగుమతికి కట్టడానికి కర్ర ఫ్రేములు తయారు చేస్తాం. తొమ్మిది మంది వడ్రంగులు, సహాయకులు. మా పనిలో ముప్పాతిక ఒక్క ఎగుమతి కంపెనీకే. వాళ్ళ దగ్గర 6,40,000 ఆగిపోయి ఐదు నెలలైంది. ‘కంటైనర్ డబ్బు రాలేదు’ అంటారు. జీతాల కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఈ నెల ఏడో తేదీ దాటినా జీతాలు ఇవ్వలేదు. పనివాళ్ళ ముఖం చూడలేక పదింటికి వెళ్ళి నాలుగింటికి వచ్చేస్తున్నాను.

జవాబు: ఆ చివరి వాక్యం నన్ను పట్టుకుంది. మీరు పదింటికి వెళ్ళడం వాళ్ళు గమనించారు. జీతం ఆలస్యం కావడం కంటే అది వాళ్ళను ఎక్కువ భయపెడుతుంది. రేపు అందరికంటే ముందు వెళ్ళి షెడ్డు మీరే తెరవండి. టీ తెప్పించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎవరు ఇవ్వాలి, ఎంత, ఎప్పటి నుంచి, మీరు ఎంత వడ్డీకి తెచ్చారు అన్నీ చెప్పండి. ‘మనం మనం ఒకటి, సర్దుకుందాం’ అన్న మాట మాత్రం అనకండి. తేదీ చెప్పండి. చేతిలో ఉన్న డబ్బు తక్కువ జీతం వాళ్ళకు ముందు పూర్తిగా ఇచ్చి, పెద్ద మేస్త్రులకు సగం ఇచ్చి, మిగిలిన సగం ఒక పుస్తకంలో రాసి వాళ్ళ సంతకం, మీ సంతకం పెట్టండి. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలన్నది చట్టం. ఆ గీత మీరు దాటారు. దాటినవారు కనీసం ముఖం చూపించాలి.

ఇక ఆ కంపెనీ సంగతి. మీకు ఉద్యం నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, ఉందా? ఉంటే, సరుకు పంపేనాటికే ఉందా? ఇది మొదటి ప్రశ్న, ఎందుకంటే తర్వాత తీసుకున్న నమోదుతో పాత బిల్లులకు రక్షణ దొరకడం కష్టం. లేకపోతే ఈ రోజే చేయించండి, ఆన్‌లైన్‌లో ఉచితం. డబ్బు అడిగే దళారులు ఉంటారు, ఇవ్వకండి. మీలాంటి సూక్ష్మ సంస్థలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, అది ఇలాంటి బాకీ తగవులు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది.

అయితే రేపే ఫిర్యాదు చేయమని నేను అనను. మీ పనిలో ముప్పాతిక వాళ్ళదే. కౌన్సిల్‌లో గెలిచి షెడ్డు మూసుకున్నవాళ్ళను చూశాను. ముందు వాళ్ళ యజమాని దగ్గరకు కాకుండా వాళ్ళ లెక్కలు చూసే మనిషి దగ్గరకు వెళ్ళండి. ఆదాయపు పన్ను చట్టంలో ఒక మెలిక వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువు దాటి బాకీ ఉంచిన మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి. అంటే మీ 6,40,000 మార్చి ఆఖరుకు ఇవ్వకపోతే అది వాళ్ళకు లాభంగా లెక్కకొచ్చి పన్ను పడుతుంది. మీ ఉద్యం పత్రం నకలు, బాకీ పట్టిక ఒక కాగితంగా చేసి, ‘మా సంస్థ సూక్ష్మ సంస్థ కింద నమోదై ఉంది’ అని ఒక్క వాక్యం రాసి ఇచ్చి రండి. గొడవ మాటలు వద్దు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆడిటర్లే మీకు ఫోను చేస్తారు, జీవితంలో మొదటిసారి మిమ్మల్ని గారూ అంటారు.

ఇప్పటి నుంచి బిల్లు మీద సరుకు అందిన తేదీ, అందుకున్నవారి సంతకం తప్పనిసరి. గడువు అక్కడి నుంచే లెక్క. మీ ఫ్రేములు లారీ ఎక్కేటప్పుడు వాచ్‌మన్ చేత సంతకం పెట్టించి వస్తుంటారని నా ఊహ. వాచ్‌మన్ సంతకం రేపు ఎవరిదో తెలియదంటారు. స్టోరు ముద్ర వేయించుకోండి.

రెండో కొనుగోలుదారును వెతకండి. చీమకుర్తిలో పలకలు పంపేవాళ్ళు ఒక్కరే కాదు కదా. ఎగుమతి కర్రకు వేడి శుద్ధి చేసి ముద్ర వేయించాలన్న నిబంధన మీకు తెలిసిందే. ఆ పని కూడా చూసుకుని ముద్రతో సహా ఇవ్వగలిగితే మిమ్మల్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమవుతుంది. ముప్పాతిక సగమైన రోజున మీరు ఫిర్యాదు గురించి నిబ్బరంగా ఆలోచించవచ్చు.

ప్రశ్న: పొదిలిలో నాకు టైర్ల దుకాణం, పంక్చర్ షెడ్డు ఉన్నాయి. కుర్రవాళ్ళు చేరేటప్పుడు ముప్పై, నలభై వేలు అడ్వాన్సు అడుగుతారు. ఇవ్వకపోతే రారు, ఇస్తే ఆరు నెలలకు హైదరాబాదు వెళ్ళిపోతారు. ఈసారి ఆధార్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్ నా దగ్గర పెట్టుకుందామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: తప్పే. అప్పు తీరేదాకా మనిషిని కదలనివ్వకుండా పట్టి ఉంచడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకు వస్తుంది. మీరు అలాంటి మనిషి కాదని నాకు తెలుసు, కానీ తహసీల్దారు ఆఫీసులో ఫిర్యాదు పడితే అక్కడ మీ మనసును ఎవరూ చదవరు, మీ సొరుగులో ఉన్న సర్టిఫికెట్‌ను చదువుతారు. పైగా సర్టిఫికెట్ పట్టి ఉంచితే మనిషి ఆగుతాడా? ఆగడు. దాన్ని వదిలేసి వెళ్ళి, పోయిందని చెప్పి నకలు తెచ్చుకుంటాడు.

నలభై వేలు ఒకేసారి ఇవ్వడం మానండి. పది వేలు ఇచ్చి, నెలకు వెయ్యి చొప్పున కోస్తానని ఒక కాగితం రాసుకోండి. ఏ నెలలోనూ మొత్తం కోతలు జీతంలో సగానికి మించకూడదు. మూడు నెలలు నిలబడినవాడికి ఇంకో పది ఇవ్వండి.

నా అనుమానం ఇంకొకటి ఉంది. కుర్రవాళ్ళు ఆరు నెలలకే వెళ్తున్నారంటే, పంక్చర్లు వేయడం తప్ప ఇంకేమీ నేర్పడం లేదేమో. వీల్ అలైన్‌మెంట్ యంత్రం మీ దగ్గర ఉంటే దాన్ని ఎవరు ముట్టుకుంటారు, మీరా, మీ బావమరిదా? ఏడాది నిండినవాడికి దాని మీద పని ఇస్తానని చెప్పి చూడండి. హైదరాబాదు వెళ్ళేవాడు ఎలాగూ వెళ్తాడు. ఒకడు ఆగినా మీకు గిట్టుబాటే.

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క ఊరు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో తొక్క తీసే పనికి రెండున్నరేళ్ళుగా వెళ్తున్నాను. వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. జీతం కాంట్రాక్టరు ఇస్తాడు, 12,000 దాకా వస్తుంది, ఈఎస్ఐ అని 90 రూపాయలు కోస్తారు. ఇప్పుడు నాకు ఆరో నెల. మంచు నీళ్ళలో చేతులు, రోజంతా నిలబడడం కష్టంగా ఉంది. కాంట్రాక్టరును అడిగితే ‘ఇంటికి వెళ్ళమ్మా, కాన్పు అయ్యాక రా, మా ఇంటి ఆడపిల్లవే’ అన్నాడు. జీతం సంగతి చెప్పలేదు. ఈ ఉత్తరం మా చెల్లెలు రాసిపెట్టింది.

జవాబు: మీ చెల్లెలి చేతిరాత ముత్యాల్లా ఉంది, ముందు ఆ మాట చెప్పండి.

అమ్మా, తొందరపడి మానేయకండి. ‘మానేస్తున్నాను’ అని ఎక్కడా సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టకండి. ఈఎస్ఐ అంటే కార్మికుల బీమా. దానికోసం మీ జీతంలో 90 రూపాయలు కోస్తున్నారంటే, దానిపైన 390 రూపాయలు యాజమాన్యం వాటాగా కట్టాలి. ఆ రెండూ నిజంగా జమ అవుతున్నాయో లేదో చూడాలి. మీకు ఈఎస్ఐ నంబరు ఉన్న కార్డు గానీ కాగితం గానీ ఇచ్చారా? లేకపోతే కాంట్రాక్టరును అడగండి, ఆయన చెప్పకపోతే ప్లాంటు ఆఫీసులో అడగండి. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ళ ఈఎస్ఐ కూడా ముందు కట్టాల్సిన బాధ్యత ప్లాంటుదే. తర్వాత వాళ్ళు కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటారు, అది వాళ్ళ గొడవ.

చందా సరిగ్గా పడి ఉంటే, ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులకు చందా ఉంటే చాలు, మొదటి రెండు కాన్పులకు 26 వారాలపాటు మీ రోజు వేతనం పూర్తిగా ఈఎస్ఐ ఇస్తుంది. అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకు తీసుకోవచ్చు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక కాలం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. రెండున్నరేళ్ళు వ్యాను ఎక్కిన మీకు ఆ 70 రోజులు ఎప్పుడో దాటి ఉంటాయి. ఇది ఆయన ఇంటి ఆడపిల్లకు పెట్టే పసుపు కుంకుమ కాదు, మీరు నెలనెలా కట్టుకున్నది. సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం కూడా చెల్లదు.

చందా పడలేదని తేలితే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. చెల్లెలిని తీసుకెళ్ళండి, బాగా రాస్తుంది. వ్యాను ఎక్కినట్టు, గేటు దగ్గర పేరు రాసినట్టు ఏ ఆధారం ఉన్నా పట్టుకెళ్ళండి. మీతో తొక్క తీసే ఇద్దరు సాక్ష్యం చెప్పినా పనికొస్తుంది.

ఈలోగా కూర్చుని చేసే పని, తూకం దగ్గరో ప్యాకింగ్ దగ్గరో, ఇవ్వమని సూపర్‌వైజరును అడగండి. ప్లాంటుల్లో అలాంటి పని ఎప్పుడూ ఉంటుంది, అడిగినవాళ్ళకే దొరుకుతుంది. ఈఎస్ఐ నంబరు దొరికాక రెండు కాగితాల మీద రాసి, ఒకటి మీ దగ్గర, ఒకటి మీ అత్తగారి దగ్గర ఉంచండి. నొప్పులు వచ్చిన రాత్రి మీరు వెతుక్కోలేరు.